జూన్‌లో కనుమ మీద మంచు సంగతి ఏప్రిల్‌లో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: నమస్తే అండీ. మేం కాలిఫోర్నియాలో ఉంటాం. నేను, మావారు, మా మరిది ముగ్గురం ఈ వేసవిలో సియెరా నెవాడా కొండల్లో ఎత్తైన కనుమలు (పాస్‌లు) దాటుతూ వెళ్లే 211 మైళ్ల కాలిదారి, జాన్ మ్యూర్ ట్రైల్ మొత్తం నడవాలని అనుకున్నాం. లాటరీలో జూన్ 22కి యోసెమిటీలోని హ్యాపీ ఐల్స్ నుంచి పర్మిట్ వచ్చింది. 20 రోజుల్లో దక్షిణాన విట్నీ శిఖరం చేరాలని ప్లాన్. శనాదివారాల్లో బాగానే నడుస్తాం, రెండు మూడు రోజుల ట్రిప్పులు కూడా చేశాం. కానీ మంచు మీద నడిచిన అనుభవం ముగ్గురిలో ఎవరికీ లేదు. ఈ ఏడాది సియెరాలో మంచు సగటు కంటే కాస్త ఎక్కువ పడిందని మొన్న ఏప్రిల్ మొదట్లో వార్తల్లో చూశాను. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. తెలిసినాయన ఒకరు "జూన్ ఆఖరుకి ఏం మిగులుతుందండీ, అంతా కరిగిపోతుంది" అంటారు. ఇంకొకావిడేమో "ఆ తేదీకి అసలు వెళ్లొద్దు" అంటారు. మా మరిది అప్పుడే ముగ్గురికీ క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూట్లకి కట్టుకునే ఇనుప ముళ్లు) చూసేస్తున్నాడు. మంచు ఎంత ఉందో ఇంట్లో కూర్చుని మేమే చూసుకునే దారి ఉందా? ఎప్పటికల్లా నిర్ణయించుకోవాలి?

జవాబు: ముందు మీ మరిదిని ఆ క్రాంపాన్ల విషయంలో ఓ నెల ఆగమనండి. అవి కావాలో వద్దో తేలేది మే చివర్లో. మీకు సలహా చెప్పిన ఆ ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఆయన మంచు తక్కువ పడిన ఏడాది వెళ్లొచ్చి ఉంటారు, ఆవిడ ఎక్కువ పడిన ఏడాది. ఎవరు చూసిన ఏడాది వాళ్లు చెబుతున్నారు. మీకు కావలసింది మీ ఏడాది.

అసలు చిక్కు పర్మిట్ దగ్గరే మొదలవుతుంది. యోసెమిటీ లాటరీ బయల్దేరే తేదీకి 24 వారాల ముందు నడుస్తుంది. అంటే జూన్ 22 కోసం మీరు దరఖాస్తు పెట్టింది జనవరి మొదట్లో. అప్పటికి ఆ చలికాలపు మంచులో సగం కూడా పడి ఉండదు. పెళ్లికొడుకు ఎవరో తెలియకుండానే ముహూర్తం పెట్టేసుకున్నట్టు. కాబట్టి పర్మిట్ చేతిలో ఉంది గనక వెళ్లి తీరాలి అన్న ఆలోచనని ముందు పక్కన పెట్టండి.

ఇప్పుడు వార్తల్లో చెప్పే ఆ "సగటులో ఇంత శాతం" లెక్క సంగతి. అది అబద్ధం కాదు గానీ మీ కోసం లెక్క కట్టింది కాదు. రిజర్వాయర్లలోకి ఎంత నీరు వస్తుందో చూసుకునేవాళ్ల కోసం కట్టిన లెక్క. సియెరాలో మంచు మామూలుగా ఏప్రిల్ 1 ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది కాబట్టి ఆ తేదీని కొలతగా పెట్టుకున్నారు. 2015 ఏప్రిల్ 1న రాష్ట్రం మొత్తం మీద సగటులో 5 శాతం మంచే ఉంది. కాలిఫోర్నియా జలవనరుల శాఖ వాళ్లు కెమెరాల ముందు గొట్టం గుచ్చి కొలిచే ఫిలిప్స్ స్టేషన్‌లో ఆ రోజు గుచ్చడానికి మంచే లేదు, ఉత్త గడ్డి. 2023 ఏప్రిల్‌లో అదే లెక్క 237 శాతం. ఇలాంటి ఏడాదుల్లో శాతం ఒక్కటి చూసినా చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. మీది "కాస్త ఎక్కువ" ఏడాది. అక్కడే శాతం చేతులెత్తేస్తుంది.

ఒక కారణం, అది రాష్ట్రమంతా కలిపి చెప్పిన ముక్క. అదే 2023లో ఉత్తర సియెరా 192 శాతం దగ్గర ఉంటే దక్షిణ సియెరా 300 శాతం దగ్గర ఉంది. మీ దారి మధ్య సియెరాలో మొదలై దక్షిణాన ముగుస్తుంది. మీకు ఆ భాగాల లెక్క కావాలి గానీ ఎక్కడో ఉత్తరాన ఉన్న షాస్తా కొండ లెక్క ఎందుకు? రెండో కారణం మే నెల. ఏప్రిల్‌లో ఒకేలా ఉన్న రెండేళ్లని మే నెల విడదీసేస్తుంది. మబ్బులు, చలి, మధ్యమధ్య కొత్త మంచుతో గడిస్తే ఉన్నది ఉన్నట్టే జూన్‌లోకి వస్తుంది. ఎండలు దంచితే రెండు వారాల్లో లెక్క తారుమారు. ఇంకో తమాషా కూడా ఉంది. జూన్‌లో ఎక్కడైనా "సగటులో 300 శాతం" అని కనిపిస్తే బెదిరిపోకండి. ఆ తేదీకి మామూలుగా ఒక అంగుళం ఉండే చోట మూడు అంగుళాలు ఉన్నా అది 300 శాతమే.

మరి ఏం చూడాలి? మంచు లోతు కాదు, అందులో ఉన్న నీరు. స్నో వాటర్ ఈక్వివలెంట్ అంటారు. ఒక చోట ఉన్న మంచునంతా అక్కడికక్కడే కరిగిస్తే ఎన్ని అంగుళాల నీరు నిలుస్తుందో అది. అప్పుడే పడిన పొడి మంచు 10 అంగుళాలు కరిగిస్తే దాదాపు అంగుళం నీరు వస్తుంది. అదే మంచు వసంతానికి అణిగి అణిగి గట్టిపడితే లోతులో సుమారు సగం దాకా నీరే ఉంటుంది. అందుకే లోతు రోజురోజుకీ తగ్గుతున్నట్టు కనిపించినా నిజంగా కరిగింది ఏమీ ఉండకపోవచ్చు, అణిగిందంతే. దీన్ని తూకం వేసి కొలవాలన్న ఆలోచనని నిలబెట్టింది నెవాడా యూనివర్సిటీలో ప్రాచీన సాహిత్యం బోధించే జేమ్స్ చర్చ్ అనే ప్రొఫెసర్. నూరేళ్ల కిందట టాహో సరస్సు పక్కన మౌంట్ రోజ్ మీద గొట్టం గుచ్చి మంచుని తూచేవారాయన. ఇంజనీరు కాదు, లాటిన్ మాస్టారు. నాకు ఆ విషయం ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు ఆ పని సెన్సర్లు చేస్తున్నాయి. స్నో పిల్లో అంటారు, పేరుకు తగ్గట్టు దిండులాంటిదే. నేల మీద పరిచిన పెద్ద చదును సంచిలో గడ్డకట్టని ద్రవం ఉంటుంది, పైన పేరుకున్న మంచు బరువుని బట్టి నీటి లెక్క చెబుతుంది. ఆ లెక్కలు కాలిఫోర్నియా డేటా ఎక్స్చేంజ్ సెంటర్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీ దారికి దగ్గరగా ఉన్నవి నాలుగైదు చాలు. డోనహ్యూ కనుమ కోసం ట్వాలమీ మెడోస్, డేనా మెడోస్. మధ్యభాగానికి బిషప్ పాస్. గ్లెన్ కనుమకి చార్లెట్ లేక్. ఫారెస్టర్ దిగాక వచ్చే ప్రాంతానికి అప్పర్ టిండాల్ క్రీక్. ఈ అయిదింటినీ బుక్‌మార్క్ చేసుకుని వారానికోసారి, ఆదివారం కాఫీ తాగుతూ చూడండి. రోజూ చూస్తే పిచ్చెక్కుతుంది.

గ్రాఫ్ చదవడం కష్టమేం కాదు. చలికాలమంతా మెట్లు మెట్లుగా ఎక్కుతుంది, ఒక్కో మెట్టు ఒక్కో తుపాను. పైన కొన్నాళ్లు అటూ ఇటూ ఊగుతుంది. తర్వాత ఒక రోజు దిగడం మొదలెట్టి ఇక ఆగదు. ఆ దిగుడు మొదలయ్యాక రోజుకి అంగుళం, అంగుళంన్నర నీరు పోతుంది, వేడి రోజుల్లో ఇంకా ఎక్కువ. ఉదాహరణకి మే 25న చార్లెట్ లేక్ దగ్గర 24 అంగుళాల నీరు ఉందనుకుందాం. రోజుకి అంగుళం చొప్పున వేసుకుంటే జూన్ 18 ప్రాంతంలో ఆ దిండు బయటపడుతుంది. అమ్మయ్య, మనం వెళ్లేది జూలైలో కదా అనుకోకండి. ఆ సెన్సర్ ఉన్నది సుమారు 10,400 అడుగుల ఎత్తున, చదునైన చోట. గ్లెన్ కనుమ దాదాపు 12,000 అడుగులు, పైగా మీరు ఎక్కేది ఎండ సరిగ్గా తగలని ఉత్తరపు వైపు. సెన్సర్ ఖాళీ అయిన తేదీకి నేను రెండు నుంచి నాలుగు వారాలు కలుపుకుంటాను. మోటు లెక్కే, కానీ నన్ను పెద్దగా మోసం చేయలేదు.

ఇక్కడ కాగితం, పెన్ను తీసుకోండి. జూన్ 22న బయల్దేరి, 211 మైళ్లని 20 రోజులకి పంచితే మీరు డోనహ్యూకి జూన్ 25 ప్రాంతంలో చేరతారు. మ్యూర్ కనుమకి జూలై 4, మాదర్‌కి 6, గ్లెన్‌కి 8, ఫారెస్టర్‌కి 10. అంటే మీరు చూడాల్సిన మంచు ఒకటి కాదు. ఒక్కో కనుమకి ఒక్కో తేదీ, ఒక్కో ఎత్తు, ఒక్కో వాలు. "జూన్ ఆఖరుకి ట్రైల్ మీద మంచు ఉంటుందా" అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేరు. "జూలై 8న గ్లెన్ ఉత్తరపు వాలు మీద ఉంటుందా" అని అడిగితే చెప్పొచ్చు.

మీకు ఒక కలిసొచ్చే సంగతి. మీరు ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తున్నారు కాబట్టి చాలా కనుమల్లో మంచు ఉన్న వైపు ఎక్కుతారు, ఎండ కాసిన వైపు దిగుతారు. నిటారు మంచు మీద దిగడం కంటే ఎక్కడం తేలిక. మాదర్, గ్లెన్ రెండింటికీ ఉత్తరపు వైపే మంచు ఆలస్యంగా పోతుంది. మ్యూర్ వేరే రకం. అక్కడ నిటారు కాదు బాధ, దూరం. కనుమకి అటూ ఇటూ మైళ్ల కొద్దీ వెడల్పాటి చదును, ఎత్తు ఎక్కువ కాబట్టి ఆ చదునంతా తెల్లగా మిగిలిపోతుంది. ఇక 13,153 అడుగుల ఫారెస్టర్ ఈ సూత్రానికి మినహాయింపు. అక్కడ మీరు దిగే దక్షిణపు గోడ మీదే దారికి అడ్డంగా మంచు నిండిన ఒక ఇరుకైన, నిటారు చీలిక ఉంటుంది. దాటాల్సింది కొద్ది అడుగులే. జారితే మాత్రం కింద చాలా లోతు.

దిండ్లు చెప్పలేని ఈ సంగతుల కోసం ఉపగ్రహ చిత్రాలు చూడాలి. ఐరోపా వాళ్ల సెంటినల్-2 ఉపగ్రహాల చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. అయిదు రోజులకోసారి మీ కనుమ మీదుగా వెళ్తాయి, 10 మీటర్ల వరకు వివరం కనిపిస్తుంది. మామూలు రంగుల్లో చూస్తే మబ్బు తెల్లగానే ఉంటుంది, మంచూ తెల్లగానే ఉంటుంది. అందుకని షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ ఉన్న రంగుల కూర్పు ఎంచుకోండి. మంచు ఆ కిరణాల్ని పీల్చేసుకుంటుంది కాబట్టి నీలంగా కనిపిస్తుంది, మబ్బు తెల్లగానే ఉంటుంది. రెండు జాగ్రత్తలు. చెట్ల కింద మంచు పై నుంచి కనపడదు, అడవి భాగాన్ని పచ్చగా చూసి పొంగిపోకండి. ఫారెస్టర్ చీలికలాంటి సన్నటివి 10 మీటర్ల చుక్కలో కలిసిపోతాయి, కనపడలేదంటే లేవని కాదు.

ఈ చిత్రాలతో నేను చేసే పని ఒకటుంది, మీరూ చేయండి. మే ఆఖరున మీ సెన్సర్ల గ్రాఫ్ మీద పాత సంవత్సరాల గీతలు కూడా పెట్టి చూడండి. ఈ ఏడాది గీత ఏ పాత గీతకి దగ్గరగా నడుస్తోందో తెలిసిపోతుంది. ఏప్రిల్ శాతంలోనే కాదు, మేలో దిగుతున్న తీరులో కూడా దగ్గరగా ఉండాలి. 2024 అనుకోండి. ఇప్పుడు బ్రౌజర్‌లో 2024 జూలై మొదటి వారానికి వెళ్లి గ్లెన్ కనుమ తెరవండి. ఈ ఏడాది మీరు అక్కడ నిలబడే రోజుకి వాలు ఎలా ఉండొచ్చో దాదాపుగా మీ కళ్ల ముందు ఉంటుంది. 2015 చివరి భాగం నుంచి చిత్రాలు ఉన్నాయి కాబట్టి 2017, 2019, 2023 లాంటి మంచు ఏళ్లూ దొరుకుతాయి, 2021, 2022 లాంటి ఎండు ఏళ్లూ దొరుకుతాయి. జాతకం చూపించుకోవడం కంటే ఇది నయం, ఖర్చు కూడా లేదు.

యోసెమిటీలో చలికాలం మంచుకి మూసేసే టయోగా రోడ్డు ఎప్పుడు తెరిచారో కూడా గమనించండి. మీ దారి ట్వాలమీ మెడోస్ దగ్గర ఆ రోడ్డుని తాకుతుంది. 2015లో మే 4న తెరిచారు, 2024లో జూన్ 10న, 2023లో జూలై 22న. రోడ్డు పాడవడం, పైనుంచి హిమపాతం పడే ప్రమాదం లాంటివి కూడా ఆ తేదీని జరుపుతాయి కాబట్టి దాన్ని ఒక సాక్ష్యంగా తీసుకోండి, తీర్పుగా కాదు. ఇంకో మంచి సాక్ష్యం, చలికాలమంతా ట్వాలమీలో ఉండే రేంజర్లు రాసే రిపోర్టులు. అక్కడ కాపురం ఉండి రాస్తారు కాబట్టి ఊహలు ఉండవు. హిమపాతం బులెటిన్లు మాత్రం మామూలుగా వసంతంతో ఆగిపోతాయి, జూన్‌లో వాటి కోసం చూడకండి. ఆ బులెటిన్ లేదంటే ప్రమాదం లేదని కాదు. మధ్యాహ్నం ఎండకి నానిన నిటారు వాలు కిందికి జారగలదు.

వెళ్లొచ్చినవాళ్ల మాటలు వినండి, కానీ నాలుగు విషయాలు అడగకుండా నమ్మకండి. ఏ తేదీన దాటారు? ఏ టైంకి దాటారు? ఏ వైపు నుంచి? ఇదివరకు మంచు మీద ఎంత తిరిగారు? "ఏం పర్లేదు, ఈజీగానే దాటేశాం" అన్నవాడు చిన్నప్పట్నుంచి స్కీయింగ్ చేసినవాడైతే ఆ మాట మీకు పనికిరాదు. ఫొటోలు కూడా అంతే. వాలు ఎంత నిటారో ఫొటోలో ఎప్పుడూ తెలియదు.

టైం గురించి అడగమన్నాను కదా, అది నేను కాళ్లతో నేర్చుకున్న పాఠం. ఒకసారి మ్యూర్ కనుమ దగ్గరకి మధ్యాహ్నం రెండింటికి చేరాను. పొద్దున్నే లేవడానికి బద్ధకించి, టీ తాగి, గుడారం ఆరేదాకా ఆగి బయల్దేరిన రోజది. పైకి చూస్తే తెల్లటి మైదానం, ఇదేం కష్టం అనుకున్నాను. మొదటి పది అడుగులు బాగానే పడ్డాయి. పదకొండో అడుగుకి కుడికాలు తొడదాకా దిగబడింది. లాగుదామంటే ఎడమకాలు దిగబడింది. కింద కరిగిన నీరు బూటులోకి వచ్చింది. మంచు అడుగున రాయి ఉంది, దాని చుట్టూ వేడికి మంచు కరిగి బోలు ఏర్పడింది, పైకి మాత్రం ఏమీ తెలియదు. మోకాలి కింద చర్మం ఆ రాతికి గీసుకుపోయింది. పొద్దున అయితే ముప్పావు గంటలో దాటే ముక్కకి ఆ రోజు మూడు గంటలు పట్టింది. అవతల కూర్చుని సాక్సు పిండుకుంటుంటే ఎదురుగా నా ముందు వెళ్లినవాళ్ల అడుగుజాడలు కనిపించాయి. రెండే రెండు అంగుళాల లోతు. వాళ్లు ఆరింటికి దాటారు.

కాబట్టి మంచు ఎంత ఉంది అన్నదానితో పాటు రాత్రి గడ్డకట్టిందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. ట్రైల్ మీదకి వెళ్లే ముందు రోజుల్లో జాతీయ వాతావరణ సేవ సైటులో మ్యాప్ మీద సరిగ్గా కనుమ దగ్గర నొక్కి ఆ ఎత్తుకి ఉష్ణోగ్రత సూచన తీసుకోండి. అది దొరక్కపోతే లెక్క కట్టుకోవచ్చు. ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. 7,900 అడుగుల ఎత్తున ఉన్న మామత్ లేక్స్ ఊళ్లో తెల్లవారుజామున 50 డిగ్రీలు ఉంటే 12,000 అడుగుల కనుమ దగ్గర 36 ఉంటుంది. గడ్డకట్టే 32కి పైనే. అయినా ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి పైపొర గట్టిపడుతుంది. మబ్బు కప్పితే దుప్పటి కప్పినట్టే, అది కూడా జరగదు. అలాంటి రాత్రి తర్వాత తెల్లవారుజామున లేచినా లాభం ఉండదు. గుడారం బయట మడమతో మంచు మీద గట్టిగా కొట్టి చూడండి. టక్కుమంటే బయల్దేరండి. మెత్తగా దిగబడితే ఆ రోజు కనుమ మానుకోవడమే.

ఇంతసేపూ కనుమల గురించే చెప్పాను గానీ, నిజానికి నన్ను భయపెట్టేది మంచు కాదు, నీళ్లు. 2017 కూడా మంచు బాగా పడిన ఏడాది. ఆ వేసవిలో, సియెరా మీదుగానే వెళ్లే పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అనే పొడవాటి కాలిదారి నడుస్తూ సియెరాలో ఇద్దరు చనిపోయారు. ఇద్దరూ వాగులు దాటుతూ కొట్టుకుపోయారు. కనుమ మీద మంచు చూసి అందరూ జాగ్రత్త పడతారు. మోకాలి లోతు వాగుని చూసి ఎవరు భయపడతారు? మోకాలి పైకి వచ్చిన మంచునీరు వేగంగా పారుతుంటే బరువు మోస్తున్న మనిషిని పడేయడానికి అది చాలు. మీ దారిలో బేర్ క్రీక్, ఎవల్యూషన్ క్రీక్, కింగ్స్ నది దక్షిణపాయ, టిండాల్ క్రీక్ గుర్తుపెట్టుకోండి. మంచు ఎక్కువ ఉన్న ఏడాది కనుమలు తెరుచుకునే రోజులు, వాగులు పొంగే రోజులు ఇంచుమించు కలిసి వస్తాయి.

ఏరు ఎలా ఉందో కూడా ఇంటి నుంచే చూడొచ్చు. మీరు మొదటి అడుగు వేసే హ్యాపీ ఐల్స్ వంతెన దగ్గరే మెర్సెడ్ నది ప్రవాహాన్ని కొలిచే యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) స్టేషన్ ఉంది, 1915 నుంచి కొలుస్తోంది. దాని గ్రాఫ్ మే, జూన్ నెలల్లో రంపం పళ్లలా ఉంటుంది. రోజుకో పన్ను. పగటి ఎండకి పైన కరిగిన నీరు గంటల తరబడి ప్రయాణం చేసి రాత్రి పొద్దుపోయాక అక్కడికి చేరుతుంది. ఎత్తున, మంచుకి దగ్గరగా ఉన్న చిన్న వాగుల్లో అయితే సాయంత్రానికే ఉధృతి వస్తుంది, తెల్లవారేసరికి తగ్గుతుంది. ఆ పళ్లు రోజురోజుకీ పొట్టివవుతూ మొత్తం గీత కిందికి వాలుతుంటే పెద్ద ఉధృతి దాటిపోయినట్టు.

ఇక్కడ ఒక ఇరకాటం ఉంది. కనుమా తెల్లవారుజామునే దాటాలి, ఏరూ తెల్లవారుజామునే దాటాలి. రెండూ ఒకే పొద్దున కుదరవు. అందుకే మంచు ఏడాదిలో మైళ్లని బట్టి కాకుండా వీటిని బట్టి రాత్రి మకాములు పెట్టుకోవాలి. ఎవల్యూషన్ క్రీక్‌ని ఒక పొద్దున దాటి, ఆ రాత్రికి ఎవల్యూషన్ లేక్ పైభాగాన ఆగి, మర్నాడు చీకటితో లేచి మ్యూర్ ఎక్కండి. మాదర్ దిగిన రోజు కింగ్స్ దక్షిణపాయ దగ్గరకి మధ్యాహ్నానికి చేరతారు. నీరు బాగా ఉంటే ఇవతలి గట్టునే పడుకుని పొద్దున దాటండి. ఫారెస్టర్ తర్వాత టిండాల్ కూడా అంతే. దాటేటప్పుడు బ్యాగు నడుం బెల్టు విప్పేసుకోండి, బూట్లు తీయకండి, కింది వైపున జలపాతమో అడ్డంపడిన దుంగలో ఉంటే ఆ చోటు వదిలేసి పైకీ కిందికీ తిరిగి ఇంకో చోటు వెతకండి.

ఇలా ఆగుతూ నడిస్తే 20 రోజులు సరిపోవు. 24 అవుతాయి, 25 అవుతాయి. తిండి పెంచుదామంటే ఎలుగుబంటి తెరవలేని ఆ తిండి డబ్బాలో పట్టాలి కదా. అది తప్పనిసరి, దాని సైజు పెరగదు. మధ్యలో సామాను అందుకుందామనుకున్న రిసార్టులు కూడా మంచు ఎక్కువ ఉన్న ఏడాది ఆలస్యంగా తెరుస్తాయి, వాళ్లకి ఫోన్ చేసి కనుక్కోండి. మధ్యలో మానేసి బయటికి వచ్చేద్దామన్నా బిషప్ పాస్, కియర్‌సార్జ్ పాస్ లాంటి పక్కదారులు కూడా 11,000 అడుగుల పైనున్న కనుమలే. వాటి మంచు కూడా చూసి పెట్టుకోవాలి.

ఎప్పటికల్లా నిర్ణయించుకోవాలి అన్నారు. ఏప్రిల్లో ఏమీ నిర్ణయించకండి, గ్రాఫులు చదవడం అలవాటు చేసుకోండి చాలు. మే 25 ప్రాంతంలో పాత ఏడాదితో పోల్చే పని చేయండి. జూన్ 8, 10 మధ్య చివరి మాట. ఆ రోజుకి చార్లెట్ లేక్, బిషప్ పాస్, అప్పర్ టిండాల్ సెన్సర్లలో మూడూ ఖాళీ అయిపోయి ఉంటే, లేదా నాలుగైదు అంగుళాలకి దిగిపోయి ఉంటే, మైక్రోస్పైక్స్ (బూట్ల మీద తొడుక్కునే చిన్న ముళ్లు) పెట్టుకుని వెళ్లండి. కనుమల పైభాగాల్లో ముక్కలు ముక్కలుగా మంచు తగులుతుంది, పొద్దున్నే దాటితే మీ ముగ్గురికీ చాలు. 15 అంగుళాల పైన ఉంటే మీ తేదీకి వెళ్లొద్దనే అంటాను. మధ్యలో ఉంటే ఉపగ్రహ చిత్రంలో మాదర్, గ్లెన్ ఉత్తరపు వాలు చూడండి, దారి ఉండే చోట మంచు పట్టీ తెగకుండా ఉంటే అది కూడా వద్దనే చెబుతుంది.

"ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు కొనుక్కుని వెళ్తే?" అని మీ మరిది అడుగుతాడు, నాకు తెలుసు. ఐస్ యాక్స్ బ్యాగుకి కట్టుకుంటే కాపాడదు. జారిన మొదటి సెకనులో, ఆలోచించకుండా, దాని మొన మంచులో దించి ఒళ్లంతా దాని మీద వేయడం చేతికి అలవాటై ఉండాలి. కింద రాళ్లు లేని చోట, నేర్పేవాళ్ల ముందు ఓ పూటంతా జారి జారి నేర్చుకునే పని అది. మేలో ఒక వారాంతం దానికి పెట్టుకుంటారా, చాలా సంతోషం, అప్పుడు కొననివ్వండి. లేదంటే ఆ డబ్బు మిగుల్చుకోండి. క్రాంపాన్లతో వచ్చే ధైర్యం, అవి లేకపోతే వెనక్కి తిరిగేవాళ్లని ముందుకి నడిపిస్తుంది. నాకు ఆ ధైర్యమంటే భయం.

నా సొంత అభిప్రాయం అడిగితే, సగటు కంటే ఎక్కువ పడిన ఏడాది, మంచు అలవాటు లేని ముగ్గురు, జూన్ 22... నేనైతే ఇప్పటినుంచే జూలై చివరి వారం కోసం ప్రయత్నం మొదలెడతాను. యోసెమిటీ పర్మిట్లలో 40 శాతం బయల్దేరే తేదీకి వారం ముందు వదులుతారు, సెలవులు కొంచెం అటూ ఇటూ జరిపే వీలుంటే దొరికే అవకాశం ఉంది. మంచు పోయిన కొన్నాళ్లకి దోమలు మొదలవుతాయి, అది మాత్రం ముందే చెబుతున్నాను. తలకి వల కొనుక్కోండి. మీ మరిదికి ఏదో ఒకటి కొనాలని ఉంది కదా, ఆ పని ఆయనకి అప్పజెప్పండి.